మైనం పారని ఇల్లు

పరాస్కా చేత్తో అంచు నొక్కిన పిరోహీ మరిగే నీళ్లలో నోరు తెరవడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. పల్చగా ఒత్తిన పిండి రేకులో బంగాళాదుంప ముద్ద పెట్టి, కజ్జికాయలా మడిచి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కిందంటే ఇక అది విడిపోయే ప్రశ్నే లేదు. గురువారం గురువారం చర్చి హాల్లో ఆడవాళ్లంతా చేరి విరాళాల కోసం పిరోహీలు చేస్తారు. ఊరికి కొత్తగా వచ్చిన కోడళ్లని పరాస్కా పక్కనే కూర్చోబెట్టేవాళ్లు, చూసి నేర్చుకుంటారని. అలాంటిది ఆ డిసెంబరులో ఒకరోజు, సొంత వంటింట్లో, ఆమె చేసినవి గిన్నెడూ విచ్చుకుపోయాయి. నీళ్ల మీద దుంప ముద్దలు తేలుతుంటే గరిటె పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది.

పక్కనే కోడలు జీనియా ఉంది. ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే పరాస్కాకి పుండు మీద కారం చల్లినట్టయింది.

ఇదేం మొదటిసారి కాదు. మంచు పడ్డప్పటి నుంచీ ఇదే వరస. టీలో చక్కెరకి బదులు ఉప్పు. కొడుకు ఒరెస్ట్‌ని పట్టుకుని, ఎప్పుడో పోయిన మొగుడి పేరుతో "మెట్రో" అని పిలవడం. రుమాలు తలకి కట్టుకునే ఉండి, రుమాలేదని మంచం కింద వెతకడం. పొద్దున లేస్తూనే తల దిమ్ముగా, ఎవరో లోపల్నుంచి గుద్దుతున్నట్టు నొప్పి. కడుపులో తిప్పు. కాళ్లు తనవి కానట్టు తేలిపోవడం. జీనియా ముందు కత్తులు దాచింది. తర్వాత అగ్గిపెట్టెలు దాచింది. చివరికి సూదులూ దారాలూ ఉండే పాత బిస్కెట్ల డబ్బా కూడా దాచింది. కత్తులు పోయినప్పుడు పరాస్కా నవ్వేసింది గాని, సూదుల డబ్బా పోయిన రోజు మాత్రం తిండి ముట్టలేదు.

జీనియా చెడ్డది కాదు. భయపడింది, అంతే. భయపడ్డ మనిషి చేసే మొదటి పని వస్తువులు దాచడం, రెండోది ప్రశ్నలు వేయడం.

"అత్తయ్యా, ఇవాళ ఏ వారం?"

"మీ ఆయన చెత్తబుట్ట బయట పెట్టాల్సిన వారం. పెట్టాడో లేదో చూడు పో."

జీనియా నవ్వుకుంటూ వెళ్లిపోయింది. పరాస్కా మాత్రం కుర్చీలో కూలబడి ఏ వారమో గుర్తు చేసుకోవాలని చాలాసేపు చూసింది. జవాబు తెలియకే ఆ జవాబు చెప్పింది మరి.

ఆమె మంచం కింది గదిలో, అంటే నేలమాళిగలో, ఇల్లంతటికీ వేడిగాలి పంపే ఫర్నేసు గదికి ఆనుకుని ఉంటుంది. వెచ్చగా ఉంటుందని తనే కోరి తీసుకున్న గది. ఆ ఇంట్లో వేడిగాలి తిరిగే రేకు గొట్టాలు ఎంత కొండెగొట్టువంటే, పైన వంటింట్లో ఎవరేం గుసగుసలాడినా కింద పరాస్కా చెవిలో పోస్తాయి. ఆ సాయంత్రమూ పోశాయి.

"చర్చి హాల్లో చూస్తే పాటలు, పరాచికాలు. ఇంటికి రాగానే మొదలు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టుంది మీ అమ్మ వరస," అంటోంది జీనియా.

"అమ్మ నాటకాలాడే మనిషి కాదు."

"నాటకమని నేనూ అనట్లేదు. జబ్బంటున్నా. పగలంతా నువ్వు రోడ్ల మీద మంచు తోస్తుంటావు, నేను బడి వంటింట్లో ఉంటాను. ఆ మెట్ల మీద పడితే ఎత్తేదెవరు? యార్క్‌టన్ పట్నంలో ఆ వృద్ధుల హోమ్‌లో గది ఖాళీ అయిందట. ఈ సోమవారం కాక పై సోమవారంలోగా ఔనో కాదో చెప్పమన్నారు. క్రిస్మస్ అవగానే చేర్పిద్దాం."

ఒరెస్ట్ కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడైంది. చివరికి, "నాకు తలనొప్పిగా ఉంది, పొద్దున మాట్లాడదాం," అన్నాడు.

"నాకూ ఉంది," అంది జీనియా.

కింద పరాస్కా దుప్పటి తలమీదికి లాక్కుంది. మతి పోతోందన్న సంగతి తనకీ తెలుసు. తెలియకపోతే బాగుండేది. మతి పోతున్నప్పుడు దాంతోపాటు ఆ తెలివి కూడా పోతే ఎంత హాయి! కానీ ఈ ఇల్లు పోవడం, ఈ మంచం, మెట్రో చేత్తో బిగించిన ఈ తలుపు పోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

ఇంతకీ ఆ ఇంట్లో ఆ ఏడు రెండు కొత్త వస్తువులు చేరాయి. వాటి సంగతి చెప్పుకోవాలి.

ఒకటి ఫర్నేసు. పాతది మెట్రో కాలంనాటిది. దాని పొగ ఇంటి నెత్తిన ఇటుక గొట్టంలోంచి పోయేది. కొత్తదానికి ఆ గొట్టం అక్కర్లేదు. పక్క గోడలోంచి, మోకాలెత్తున, రెండు తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఒకదాంతో ఊపిరి పీలుస్తుంది, ఒకదాంతో వదులుతుంది. "వీటి ముందు ఏదీ అడ్డం ఉండకూడదు. మంచు పడితే తవ్వెయ్యండి," అని బిగించినతను ఒరెస్ట్‌కి చెప్పి వెళ్లాడు.

చెప్పడం తేలికే. ఆ ఊళ్లో అక్టోబరు వచ్చిందంటే గోధుమ గడ్డి మోపులు ఇంటి చుట్టూ గోడకి ఆనించి పేర్చడం తాతల నాటి అలవాటు. పైన మంచు పడితే అదే దుప్పటి అవుతుంది, నేలమాళిగలోకి చలి దిగదు. మెట్రో బతికున్నంత కాలం ఆ ఇంటి మోపుల వరస చూసి ఊరు ఊరంతా మెచ్చుకునేది. "కొత్త ఫర్నేసుంది కదమ్మా, ఇంకా ఈ గడ్డెందుకు," అని ఒరెస్ట్ సణిగాడు. పరాస్కా వినలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడన్నారు గాని, మొండి తల్లి సంగతి ఎవరూ చెప్పలేదు. చివరికి ఒరెస్టే మోపులు మోశాడు. గొట్టాలున్న చోట మాత్రం ఖాళీ వదిలాడు.

ఆ తర్వాత మంచు పడింది, గాలికి గోడల దాకా ఎగబాకింది. ఊరందరి వాకిళ్ల ముందు మంచు తోసే ఒరెస్ట్‌కి సొంత ఇంటి పక్కకి తొంగి చూసే తీరికే లేకపోయింది. ఫర్నేసు మధ్యమధ్యలో ఆగిపోయేది. ఒరెస్ట్ స్విచ్చి ఆపి వేస్తే గొణుక్కుంటూ మళ్లీ అంటుకునేది. "కొత్త కోడలు కదా, అలవాటు పడాలి," అనేది పరాస్కా.

రెండో వస్తువు గోడకి తగిలించే తెల్ల డబ్బా. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ చేరితే కంటికి కనపడదు, ముక్కుకి తెలియదు, ఇదే అరిచి చెప్పాలి అని ఆ బిగించినతనే తగిలించి పోయాడు. డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం, జీనియా ఉల్లిపాయలు వేయిస్తుంటే అది ఒక్కసారిగా కీచుమని గోల పెట్టింది. ఉల్లి పొగకే అనుకున్నారందరూ. ఒరెస్ట్ దాన్ని పీకి వసారాలోకి తీసుకెళ్లాడు. చలిగాలి తగలగానే నోరు మూసింది. లోపలికి తెస్తే మళ్లీ అరిచింది. "వంటింటి వేడి పడట్లేదు దీనికి, పిచ్చిది," అని వసారాలో తన చెవుల టోపీ పక్కన మేకుకి తగిలించేశాడు. అప్పటి నుంచీ అది అక్కడే, ఎవరికీ అక్కర్లేకుండా వేలాడుతోంది.

రైలు పట్టాలకి అవతల యుస్తీనా ఉంటుంది. ఒరెస్ట్‌కి బాప్టిజంలో జ్ఞానతల్లిగా నిలబడింది ఆమే. అలా నిలబడ్డవాళ్లూ కన్నతల్లీ ఒకరినొకరు "కూమా" అని పిలుచుకోవాలి. యాభై ఏళ్లుగా అలాగే పిలుచుకుంటూ, యాభై ఏళ్లుగా పోట్లాడుకుంటున్నారు. యుస్తీనా మైనం పోస్తుంది. భయం పట్టినా, దిష్టి తగిలినా, నిద్రపట్టకపోయినా, ఊళ్లోవాళ్లు ఆమె గుమ్మం తొక్కుతారు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, తల మీద చన్నీళ్ల గిన్నె పట్టి, ప్రార్థన చదువుతూ అందులో కరిగిన తేనెమైనం పోస్తుంది. గడ్డకట్టిన మైనం ఆకారం చూసి ఏ భయం పట్టిందో చెబుతుంది. పరాస్కా ఒక్కతే ఎప్పుడూ ఎగతాళి చేసేది, ఆ మైనమేదో కొవ్వొత్తులకి పనికొచ్చేది కదే అని.

ఇప్పుడు ఆ పరాస్కాయే మంచులో కాళ్లీడ్చుకుంటూ పట్టాలు దాటి వెళ్లింది. వేరే గతి లేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే హోమ్ కాగితం మీద సంతకం పెట్టేస్తాడని భయం.

"వచ్చావా మహారాణీ! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, ఇన్నాళ్లకి పనికొచ్చానన్నమాట," అంది యుస్తీనా తలుపు తీస్తూ.

"పోస్తే పొయ్యి. లేదంటే పోతా."

"కూర్చో. నోరు మూసుకుని కూర్చోవాలి. నీకు అలవాటు లేని పని, కాస్త కష్టంగానే ఉంటుంది."

మైనం కరుగుతుండగా పరాస్కా ఆ గది చూస్తూ కూర్చుంది. కట్టెల పొయ్యి, దాని మీద మసి లేని గొట్టం. ఏటా చలికాలం ముందు నిచ్చెనేసుకుని ఆ గొట్టం తనే తోముకుంటుంది యుస్తీనా, ఈ వయసులో కూడా. "పొయ్యికి ఊపిరాడకపోతే మన ఊపిరి తీస్తుంది," అని వాళ్లమ్మ చెప్పేదట. చిన్నప్పుడు వాళ్ల పొరుగింట్లో అలాగే ఒక కుటుంబం నిద్రలోంచి లేవలేదట.

నీళ్లలో మైనం చుయ్యిమంది. ప్రార్థన అయ్యాక ఇద్దరూ గిన్నెలోకి తొంగి చూశారు.

"ఏమొచ్చింది కూమా?"

"ముద్దొచ్చింది."

"ముద్దొస్తే ఏం భయం?"

"ఏమో, నీ మొహంలా ఉంది. నీకు నువ్వే దిష్టి పెట్టుకున్నట్టున్నావు."

పరాస్కా పకపకా నవ్వింది. నవ్వాక తెలిసింది, తల నొప్పి లేదు. కళ్ల ముందు పొర జారిపోయినట్టుంది. క్రిస్మస్ పాట ఒకటి మొదలుపెట్టి చివరి చరణం దాకా తప్పు లేకుండా పాడింది. యుస్తీనా గర్వం ఆ రోజు ఇంటి కప్పు దాటింది.

తెల్లారేసరికి పరాస్కా మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ బాగైంది. ఇంటికొచ్చింది, మళ్లీ పడింది. ఇలా జరుగుతుంటే యుస్తీనాకి తలకొట్టేసినట్టయింది. ఆమె పోసిన మైనం ఎవరికైనా ఏళ్లు నిలుస్తుంది, ఈ కూమాకి ఒక పూట నిలవదేం? మంత్రం పారకపోతే మంత్రగత్తె కన్నా మొండిగా ఆలోచించేవాళ్లు ఉండరు. ఆ తర్వాతిసారి పరాస్కా వచ్చినప్పుడు యుస్తీనా మైనం పొయ్యి మీద పెట్టనేలేదు. టీ ఇచ్చింది. గసగసాల రొట్టె ఇచ్చింది. కబుర్లు చెప్పింది. అంతే.

"ఇప్పుడెలా ఉంది తల?"

"పోయింది. నీ మైనం మంచిదే కూమా, ఊరికే ఎగతాళి చేశా ఇన్నాళ్లూ."

"నేను పొయ్యలేదే!" యుస్తీనా గిన్నె బోర్లించి చూపించింది. అవమానంతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నీకు ఏ మందూ అక్కర్లేదు. మా ఇంట్లో కూర్చుంటే చాలు బాగైపోతావు. అంటే దిష్టి నీ మీద లేదు. నీ ఇంట్లో ఉంది. పద, చూస్తాను."

మర్నాడు ఒరెస్ట్, జీనియా పనులకి పోయాక, యుస్తీనా తన ట్రక్కులో మైనం మూకుడు, గిన్నె, పవిత్ర జలం సీసా పెట్టుకుని వచ్చింది. పైన బీట్‌రూట్ పులుసు ఉడుకుతోంది. ఇద్దరూ కింది గదికి దిగారు. గోడ అవతల ఫర్నేసు మూలుగుతోంది. యుస్తీనా గది మూలమూలలా నీళ్లు చల్లి, మంచం పక్కన కూర్చుని, పాత కరెంటు పొయ్యి మీద మైనం పెట్టి, కూమాతో పాత తగువులన్నీ ఒకసారి తిరగేసింది. మైనం కరిగేసరికి ఆమె మాట తగ్గింది. ఇది ఎవరైనా గమనించాల్సిన విషయమే. యుస్తీనా మాట తగ్గడమంటే మామూలు సంగతి కాదు.

"ఏమైందే?"

"తల... ఎవరో బిగించి కడుతున్నట్టుంది. వాంతొచ్చేలా ఉంది." యుస్తీనా కణతలు నొక్కుకుంది. "నాకు దిష్టి తగలడమేంటే? దిష్టి తీసేదాన్ని నేను! పైకి పద. గాలి కావాలి నాకు."

ఒకరినొకరు పట్టుకుని మెట్లెక్కి వసారాలోకి వచ్చారు. చల్లగాలి మొహాన కొట్టింది. యుస్తీనా గోడకి ఆనుకుని గుండెల నిండా పీల్చింది. కాసేపటికి తేరుకుని కళ్లు తెరిస్తే, ఎదురుగా చెవుల టోపీ, దాని పక్కన మేకుకి తెల్ల డబ్బా.

"ఇదేంటి ఇక్కడుంది?"

"అదా, అదొక పిచ్చిది. లోపలుంటే ఒకటే గోల. బయటికి తెస్తే చక్కగా ఉంటుంది."

యుస్తీనా డబ్బా వంక చూసింది. కూమా వంక చూసింది. మళ్లీ డబ్బా వంక చూసింది.

"లోపలుంటే గోల, బయటికొస్తే చక్కగా," అంది మెల్లిగా. "నీలాగే."

డబ్బా మేకు మీంచి తీసి, లోపలి తలుపు తెరిచి, మెట్ల మొదట్లో పెట్టింది. ఇద్దరూ వసారాలో నిలబడి చూశారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఇల్లంతా అదిరేలా అరిచింది. యుస్తీనా ఉరికి దాన్ని బయటికి తెచ్చింది. కొంతసేపు కీచుమని, చల్లగాలికి చల్లబడి, ఊరుకుంది.

"ఇది పిచ్చిది కాదు కూమా," అంది యుస్తీనా. పరాస్కా చెయ్యి పట్టుకుంది. "నువ్వూ కాదు."

పరాస్కాకి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక లోపలి తలుపు వైపు కదిలింది. "పొయ్యి మీద పులుసుందే, ఆపి వస్తాను," అంది. పాపం, ఏదో ఒకటి అనాలి కదా.

"నీ పులుసు మాడి మసైపోనీ! లోపలికి అడుగేశావంటే కాళ్లు విరగ్గొడతా. కోటు తొడుక్కో, ట్రక్కెక్కు!"

ట్రక్కులో కూర్చునే యుస్తీనా ఫోన్ చేసింది. మొదట అగ్నిమాపక దళానికి, తర్వాత ఒరెస్ట్‌కి. ఒరెస్ట్ మంచు తోసే పెద్ద బండితోనే ఇంటి ముందుకొచ్చి వాలాడు. దళం కుర్రాళ్లు ముసుగులేసుకుని చేతిలో మీటరుతో లోపలికి వెళ్లారు. కింది మెట్ల దాకా వెళ్లిన అతను మీటరు చూసి, మారు మాట లేకుండా ఫర్నేసు ఆపేసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి బయటికొచ్చాడు. "వసారాకి రాకపోయుంటే మీరిద్దరూ అక్కడే నిద్రపోయేవాళ్లు," అన్నాడు. యుస్తీనా రెండుసార్లు సిలువ గుర్తు వేసుకుంది.

దగ్గర్లోని కనోరా పట్నం ఆస్పత్రిలో అందరికీ మొహాలకి ఆక్సిజన్ తొడుగులు తగిలించారు. బడి నుంచి పరిగెత్తుకొచ్చిన జీనియాకి కూడా. ఆమె రక్తంలోనూ, ఒరెస్ట్ రక్తంలోనూ ఆ విషం ఉంది. రోజూ పొద్దున వాళ్లకొచ్చే తలనొప్పులు పని అలసట వల్ల కాదు. పగలంతా ఫర్నేసు పక్కనే ఉన్న ముసలామెకి అందరికన్నా ఎక్కువ పట్టింది. డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇది మతిమరుపు జబ్బని ఇప్పుడే అనలేం. మంచి గాలి తగిలితే ఎంత తిరిగొస్తుందో చూద్దాం. చాలామందికి చాలావరకు తిరిగొస్తుంది. కాస్త ఓపిక పట్టండి."

జీనియా తొడుగులోంచే ఏడ్చింది. అత్తగారి చెయ్యి పట్టుకుని, "ఈగల మోత, పల్లకీ మోత అంటూ మాట్లాడాను. మీకు వినపడి ఉంటుంది," అంది.

"వినపడింది. ఆ రేకు గొట్టాలు నీకన్నా నా పక్షం," అంది పరాస్కా.

అయినా సోమవారం గడువు అలాగే ఉంది. "చాలావరకు" అంటే ఎంతవరకో డాక్టరు చెప్పలేదు. ఆశ ఒక పక్కా, భయం ఒక పక్కా పెట్టుకుని ముగ్గురూ యుస్తీనా ఇంట్లో మకాం పెట్టారు. అక్కడ పరాస్కాకి రోజురోజుకీ తల తేటపడింది. అయినా జారిపోయిన రోజులు అలాగే ఖాళీగా ఉన్నాయి. ఏదో చేశాననే గుర్తు, ఏం చేసిందో తెలియదు.

శుక్రవారం పొద్దున ఫర్నేసు బిగించినతను వచ్చాడు. ఒరెస్ట్ ఇంటి పక్క మంచు తవ్వి మోపులు లాగడం మొదలుపెట్టాడు. జీనియా, యుస్తీనా, పరాస్కా దూరంగా నిలబడి చూస్తున్నారు. గొట్టాలున్న చోటికి వచ్చేసరికి అందరూ ఆగిపోయారు. అక్కడ ఖాళీ లేదు. గొట్టాలకి ఎదురుగా నిలువునా ఒక మోపు, దాని మీంచి గోడ దాకా పాత టార్పాలిన్. టార్పాలిన్ ఎత్తితే లోపల మంచు కరిగి గడ్డకట్టి చిన్న గుహలా ఉంది. ఫర్నేసు వదిలిన ఊపిరి పోయే దారి లేక ఆ గుహలోనే తిరిగి, సగం మళ్లీ ఫర్నేసు ముక్కులోకే పోయింది. మిగతా సగం పక్కనే ఉన్న పాత కిటికీ సందుల్లోంచి కింది గదిలోకి దిగింది. ఆ కిటికీ సరిగ్గా పరాస్కా మంచం తలాపునే.

"ఈ మోపెవరు పెట్టారు?" అన్నాడతను.

"నేను ఖాళీ వదిలాను. ఒట్టు, వదిలాను," అన్నాడు ఒరెస్ట్.

"మరి మోపు నడిచొచ్చిందా?" జీనియా గొంతు పెరిగింది. "ఇంతమంది ప్రాణాల మీదికొచ్చింది!"

ఒరెస్ట్ తల గోక్కున్నాడు. తన మీద తనకే అనుమానం వచ్చింది పాపం. "ఏమో, ఆ అలసటలో నేనే పెట్టేశానేమో. గుర్తు లేదు."

పరాస్కా ఆ మోపుకి కట్టిన నారింజ రంగు తాడు వంక చూస్తోంది. కుడి చూపుడు వేలి మీద మానిన గీతని బొటనవేలితో తడుముతోంది. ఆమె మొహం మారడం యుస్తీనా చూసింది. యాభై ఏళ్ల కూమా, ఆ మొహం చదవడం ఆమెకి రాకపోతే ఎవరికొస్తుంది? గబుక్కున మోచెయ్యి గిల్లింది.

"నోరు విప్పకు," అంది చెవిలో. "సోమవారం దాటనీ. ఇల్లు నిలబెట్టుకో ముందు."

మాట్లాడకపోతే ఎవరికీ తెలియదు. మాట్లాడితే, ఇంటిల్లిపాదినీ చంపబోయిన ముసలిదాన్ని ఎవరు ఇంట్లో పెట్టుకుంటారు? కానీ మంచులో తలొంచుకుని నిలబడ్డవాడు తన కొడుకు. చెయ్యని తప్పు నెత్తినేసుకుంటున్నాడు.

"నేనే పెట్టాను," అంది.

"అమ్మా, నీకు గుర్తుండదులే, ఊరుకో," అన్నాడు ఒరెస్ట్.

"ఎందుకుండదురా? నువ్వు ట్రక్కుకి చలికాలం టైర్లు వేయించడానికి కనోరా వెళ్లావు. జీనియా పళ్ల డాక్టరు దగ్గరికి పోయింది, నీతోనే. తలాపు కిటికీలోంచి గాలి కొడుతోంది. చూస్తే నువ్వు కోటకి గుమ్మం వదిలినట్టు వదిలావు. మీ నాన్న అయితే వదిలేవాడా అనుకున్నా. కోళ్ల గూటి పక్కన మోపొకటి మిగిలింది, నువ్వు చిన్నప్పుడు మంచులో లాగిన చెక్క బండి మీద పడేసి లాక్కొచ్చా. పాత రోజుల్లో పొగ నెత్తి మీంచి పోయేది, గోడకి ఏం కప్పినా ఏమయ్యేది కాదు. ఈ గొట్టాల సంగతి నాకు తట్టలేదు. తాడు వేలు కోసింది. జీనియా ఎర్ర ఏప్రన్ కట్టుకునున్నా, దానికే తుడిచా, ఎర్రదే కదా కనపడదులే అని. టార్పాలిన్ మేకుకి పట్టి అది చిరిగింది కూడా. మడిచి కింది సొరుగులో అడుగున పెట్టేశా. చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు చెప్తున్నా."

జీనియా గిరుక్కున తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయింది.

"అయిపోయింది," అంది యుస్తీనా. "ఆ నోరుందే, దానికి మైనం పోసి మూసేయాల్సింది."

జీనియా తిరిగొచ్చింది. ఒక చేతిలో ఎర్ర ఏప్రన్. అంచున పెద్ద చిరుగు, పక్కనే నల్లబడ్డ మరక. దాన్ని విప్పి చూస్తూ పరాస్కా ఎదురుగా నిలబడింది. అది కోపమో మరొకటో ఎవరికీ తెలియలేదు.

"అత్తయ్యా, ఇవాళ ఏ వారం?"

"శుక్రవారం," అంది పరాస్కా. "సోమవారంలోగా నా సంగతి తేల్చాలి. అదీ గుర్తుంది."

జీనియా కోటు జేబులోంచి ఫోన్ తీసింది. అందరి ముందే మాట్లాడింది. "మా అత్తగారి కోసం గది అడిగాను కదా. అక్కర్లేదండీ. లేదు లేదు, వేరే చోట చూసుకోలేదు. ఆవిడ ఇంట్లోనే ఉంటారు." ఫోన్ పెట్టేసి ముక్కు చీదుకుంది. "నెల రోజులుగా ఈ ఏప్రన్ కోసం ఇల్లంతా వెతుకుతున్నాను. నేనెక్కడ పెట్టానో నాకే గుర్తులేదనుకుని, నాకూ మొదలైందేమోనని ఏడ్చుకుంటున్నాను. మీరు మాత్రం సొరుగుతో సహా చెప్తారా!"

ఒరెస్ట్ ఆ మోపుని కాలితో దూరంగా దొర్లించాడు. ఆ పక్క ఇంక గడ్డి పెట్టేది లేదని, మంచు పడ్డ ప్రతిసారీ ముందు తన ఇంటి గొట్టాలు తవ్వాకే ఊరి మంచు తోస్తానని ఎవరూ అడక్కుండానే ప్రకటించాడు. బిగించినతను కిటికీకి కొత్త చెక్క కొట్టి, ఫర్నేసు అంతా విప్పి చూసి, తుడిచి, వెలిగించి, మీటరు పట్టుకుని చాలాసేపు కింద కూర్చున్నాడు. సున్నా చూపించాకే లేచాడు. తెల్ల డబ్బా కింది గదిలో, మేరీమాత పటం పక్కన మేకుకి చేరింది. బొత్తాం నొక్కి అది అరుస్తోందో లేదో చూసే పని పరాస్కాది. వసారాలో మేకుకి ఇప్పుడు టోపీ ఒక్కటే ఉంది.

సాయంత్రం పరాస్కా కింద మంచం మీద, యుస్తీనా ఎదుటి కుర్చీలో కూర్చుని ఉంటే జీనియా మెట్లు దిగి వచ్చింది. ఎర్ర ఏప్రన్ అత్తగారి ఒళ్లో పడేసింది. దాని మీద పాత బిస్కెట్ల డబ్బా పెట్టింది.

"చింపినవాళ్లే కుట్టాలి. ఎర్ర దారం డబ్బాలో పైనే ఉంది," అని, వెనక్కి తిరక్కుండా పైకి వెళ్లిపోయింది.

పరాస్కా మూత తీసింది. సూదులు, బొత్తాలు, మెట్రో కోటువి మిగిలిన రెండు హుక్కులు, అన్నీ ఉన్నాయి. డబ్బాని రెండు చేతులా పొట్టకి అదుముకుని, ఎదుటి కుర్చీలో కూర్చున్న కూమాకి కనపడకుండా మొహం తిప్పుకుని ఏడ్చింది. కూమా చూసింది గాని, చూడనట్టు ఏప్రన్ చిరుగు సరిచేస్తూ కూర్చుంది.